సర్టిఫికెట్ కోర్సును డిగ్రీల వరసలో రాశాను, కేసు పెడతారా?

ప్రశ్న: బీకాం రెగ్యులర్‌గా చదివాను. ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో ఎంబీఏ పూర్తిచేశాను. రెజ్యూమెలో ‘ఎంబీఏ’ అని మాత్రమే రాశాను, ఆన్‌లైన్ అన్న మాట రాయలేదు. దాని కిందే, విద్యార్హతల వరసలో, ఒక పేరున్న విదేశీ యూనివర్సిటీ పేరు పెట్టి ‘డేటా ఎనలిటిక్స్’ అని రాశాను. నిజానికి అది కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్‌లో కొన్ని వారాల్లో పూర్తిచేసిన సర్టిఫికెట్ కోర్సు. ఇప్పుడు ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారం నింపి సంతకం చేయమంది. ఉద్యోగం పోతుందా? చీటింగ్ కేసు పెడతారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎంబీఏ గురించి మీరు భయపడాల్సింది పెద్దగా లేదు. ఇబ్బందంతా ఆ విదేశీ యూనివర్సిటీ లైనుతోనే. ఫారం మీద ఇంకా సంతకం చేయలేదు కాబట్టి దాన్ని సరిచేసుకునే దారి ఉంది.

యూజీసీ 2020లో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనల్లో 22వ నిబంధన ప్రకారం, గుర్తింపు ఉన్న సంస్థ ఆన్‌లైన్‌లో ఇచ్చిన డిగ్రీ, పీజీ కూడా రెగ్యులర్‌వాటితో సమానమే. 2022 సెప్టెంబరులో యూజీసీ ఇదే మాట మళ్లీ స్పష్టం చేసింది. అయితే అనుమతి కోర్సును బట్టి, విద్యాసంవత్సరాన్ని బట్టి ఉంటుంది. మీరు చేరిన ఏడాదిలో మీ యూనివర్సిటీకి ఆన్‌లైన్ ఎంబీఏ నడిపే అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో చూసి, ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి. ఇది ఉత్త లాంఛనం కాదు. అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలు చెల్లవని 2017లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఫీజు కట్టి, పరీక్షలు రాసి పాసైనవాళ్లే అందులో నష్టపోయారు.

ఇక ‘ఆన్‌లైన్’ అని రాయకపోవడం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ మోసాన్ని నిర్వచిస్తూ, ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదంటుంది. చెప్పాల్సిన బాధ్యత ఉన్నప్పుడు, లేదా ఆ మౌనమే మాటతో సమానమైనప్పుడు మాత్రం మోసమవుతుంది. రెజ్యూమె మీరు స్వయంగా రాసుకున్న కాగితం, అందులో ఎంబీఏ అన్నది అబద్ధమూ కాదు. కానీ ఉద్యోగ ప్రకటనలో ఫుల్‌టైమ్ రెగ్యులర్ ఎంబీఏ కావాలని ఉంటే సంగతి మారిపోతుంది. వెరిఫికేషన్ ఫారంలో చదివిన విధానం ఏమిటని అడిగే గడి ఉన్నా అంతే. అక్కడ ‘ఆన్‌లైన్’ అని తప్పక రాయాలి. ఖాళీగా వదిలేయడం కూడా మంచిది కాదు.

రెండో లైను దగ్గర మౌనం వాదన పనిచేయదు. విద్యార్హతల వరసలో యూనివర్సిటీ పేరు కనిపిస్తే, చదివినవాళ్లు అక్కడ మీరు డిగ్రీ చేశారనే అనుకుంటారు. ప్రతి మాటా విడిగా నిజమే కావచ్చు, మొత్తం కలిపి చూస్తే కలిగే అభిప్రాయం తప్పు. ‘కంపెనీవాళ్లే చెక్ చేసుకోవాల్సింది’ అని చాలామంది అంటుంటారు. మౌనం వల్ల జరిగిన మోసంలో అదే కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ ఆ వాదనకు కొంత చోటిస్తుంది గానీ, నోటితోనో రాతతోనో చెప్పిన అబద్ధానికి ఇవ్వదు. అలా కుదిరిన ఒప్పందాన్ని కంపెనీ రద్దు చేసుకోవచ్చు. మీరు చేరి ఏళ్లు గడిచాక బయటపడినా తీసేయడానికి కారణం దొరుకుతుంది.

చీటింగ్ కేసంటారా? ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసంతో ఆస్తి పొందినట్టు రుజువైతే ఏడేళ్ల వరకూ శిక్ష పడవచ్చు. దానికి మొదటినుంచీ మోసం చేయాలన్న ఉద్దేశం ఉన్నట్టు చూపాలి. నిజంగా ఉన్న సర్టిఫికెట్‌ను తప్పు చోట రాశారని కంపెనీలు పోలీస్ స్టేషన్‌కు వెళ్లడం అరుదు, మామూలుగా ఆఫర్ వెనక్కి తీసుకుని ఊరుకుంటాయి. సర్టిఫికెట్ పీడీఎఫ్‌లో పేరో, తేదీయో, కోర్సు స్థాయో మార్చి అప్‌లోడ్ చేస్తే మాత్రం అది ఫోర్జరీ. 336, 340 సెక్షన్లు వస్తాయి, ఎలక్ట్రానిక్ రికార్డుకూ అవి వర్తిస్తాయి. మీరు ఆ పని చేయలేదు కాబట్టి ఈ భయం వదిలేయండి.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, రెజ్యూమెలో ‘సర్టిఫికెట్లు’ అని వేరే శీర్షిక పెట్టి కోర్సు పేరు, కోర్సెరా పేరు, కోర్సు తయారుచేసిన యూనివర్సిటీ పేరు, పూర్తయిన నెల, సరిచూసుకునే లింకు రాయండి. వీడియోలు చూసి వదిలేసిన కోర్సులుంటే అక్కడికీ తేకండి. తర్వాత హెచ్ఆర్‌కు రెండు వాక్యాల మెయిల్ చాలు: ‘విద్యార్హతల్లో చూపిన డేటా ఎనలిటిక్స్ ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు, డిగ్రీ కాదు. సవరించిన రెజ్యూమె జతచేస్తున్నాను.’ క్షమాపణలూ సంజాయిషీలూ పేజీల కొద్దీ రాయొద్దు, అవి చూస్తే లేని అనుమానం పుడుతుంది. ఫారం మీద సంతకం పెట్టడానికి ముందే ఈ మెయిల్ వెళ్లాలి. ఎందుకంటే ‘పై వివరాలన్నీ నిజం’ అన్న వాక్యం కింద పెట్టే సంతకానికి, రెజ్యూమెలోని లైనుకన్నా కోర్టులో బరువెక్కువ.

అంత చెప్పినా ఆఫర్ రద్దు చేస్తే, మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకుని తీరాలని ఒక ప్రైవేటు కంపెనీని కోర్టు సాధారణంగా ఆదేశించదు. అందుకే వెరిఫికేషన్ పూర్తయినట్టు రాతపూర్వకంగా వచ్చేదాకా ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి.