జాలరిపేటలో పక్షుల గురించి మాట్లాడేటప్పుడు

భీమిలి

బుజ్జమ్మకి, మావయ్య ఆశీస్సులు.

జనవరిలో పెద జాలరిపేట పిల్లలకి సముద్ర పక్షుల గురించి, వేట, సముద్రం వేడెక్కడం వాటినెలా దెబ్బతీస్తాయో చెప్పబోతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన స్లైడ్లు చూశాను. మొదటిది మంచు మీద ఎలుగుబంటి, రెండోది తుపాకీ పట్టుకున్న మనిషి. ఆ రెండూ తీసెయ్. ఎలుగుబంటిని చూసి మనకేం సంబంధం అనుకుంటారు. తుపాకీని చూసి మా నాన్నల్నే అంటున్నారు అనుకుంటారు.

గుడ్డుతో మొదలుపెట్టు. కవళ్లు, కానాగంతలు వేలకొద్దీ గుడ్లు పెడతాయని ఆ పిల్లలకి నువ్వు చెప్పక్కర్లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు ఎందుకు ఆపుతారో కూడా వాళ్లకి తెలుసు. పఫిన్ లాంటి సముద్ర పక్షి సంగతి వేరు. అది ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ అయిదేళ్లు వచ్చాకే. కాకపోతే ఇరవై ఏళ్లు దాటి బతకగలదు. ఒక ఏడు పిల్ల దక్కకపోయినా తల్లి బతికుంటే మళ్లీ ఏడు చూసుకోవచ్చు. ఈ లెక్క వాళ్లకి ఎక్కేదాకా రెండో మాట ఎత్తకు.

తర్వాత మూడు కథలు చెప్పు, వరస మార్చకుండా. మొదటిది గ్రేట్ ఆక్ అనే పక్షి. ఉత్తర అట్లాంటిక్‌లో ఉండేది, ఎగరలేదు. మాంసానికి, ఈకలకి, నూనెకి కొట్టీ కొట్టీ 1844లో ఐస్‌లాండ్ దగ్గర ఎల్డీ దీవిలో చివరి జంటని కూడా చంపేశారు. దానికి సముద్రం వేడి తోడవలేదు, మనిషొక్కడే సరిపోయాడు. రెండోది అలాస్కా. 2014–16 మధ్య అక్కడి సముద్రం విపరీతంగా వేడెక్కి చిన్న చేపలు తగ్గిపోయాయి. మర్ అనే పక్షులు దాదాపు 40 లక్షలు ఆకలితో చచ్చిపోయాయి. అంటే అలాస్కాలో ఉన్నవాటిలో ఇంచుమించు సగం. వాటిని చంపింది వేటగాళ్లు కాదు.

మూడోది పఫిన్. ఇక్కడ తొందరపడకు. ఐస్‌లాండ్‌లో తరతరాలుగా కొండ అంచున కూర్చుని, పొడుగాటి కర్రకి కట్టిన వలతో ఎగిరే పఫిన్లని పట్టి తింటారు. మనవాళ్లకి ఆ పనితనం నచ్చుతుంది, నచ్చనీ. ఈ శతాబ్దం మొదట్లో అక్కడ దక్షిణ తీరాన శాండ్ ఈల్ అనే సన్న చేప బాగా పడిపోయింది. అక్కడి వెస్ట్‌మన్ దీవుల్లో ఏళ్ల తరబడి పఫిన్ పిల్లలు బొరియల్లోనే ఆకలికి పోయాయి. ఒకపక్క పిల్లలు దక్కడం లేదు, ఇంకోపక్క వల ఎగిరే పక్షిని, అంటే రేపోమాపో గుడ్డు పెట్టాల్సినదాన్ని, తీసుకుంటోంది. తాత పట్టినన్నే మనవడూ పట్టినా ఇప్పుడది ఎక్కువే. అందుకే ఆ దీవుల్లో వేట రోజులు బాగా కుదించారు.

"మా తాతల నుంచీ లేని నష్టం ఇప్పుడెలా వచ్చింది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగారంటే నీ పాఠం సగం అయినట్టే. టెన్షన్ పడకు. అంతా వాతావరణం మీదకి నెట్టేసే మాట మాత్రం నాకు నచ్చదు. సముద్రం వేడి ఒక ఊరివాళ్లు తగ్గించగలిగింది కాదు. వల దించడం మాత్రం వాళ్ల చేతిలో పనే.

మన బంగాళాఖాతం సంగతి కూడా చెప్పు. చెంచాలాంటి ముక్కున్న ఉల్లంకి పిట్ట ఒకటుంది. నిజానికి అది తీరపు పక్షి. రష్యా ఈశాన్యపు కొసన గుడ్లు పెట్టి, చలికాలం మయన్మార్, బంగ్లాదేశ్ బురద నేలలకి వస్తుంది. ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలే మిగిలాయి. మయన్మార్‌లో మొత్తమ అనే సింధుశాఖ దగ్గర పేద జాలర్లు తిండికోసం పిట్టల్ని పడుతుంటే, సంరక్షణ పనిలో ఉన్నవాళ్లు కేసులతో బెదిరించలేదు. చేపల వలలు, పడవలు ఇచ్చి బతుకుతెరువు చూపించారు. చాలామంది పిట్టల్ని పట్టడం మానేశారు. కాబట్టి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం సంగతి చివర్లో ఒక్క ముక్కలో చాలు. దానికన్నా, 2021 డిసెంబరులో మన విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకి వచ్చిన తిమింగల సొరని మత్స్యకారులూ అటవీశాఖవాళ్లూ కలిసి సముద్రంలోకి పంపిన సంగతి ముందు చెప్పు. పెద్దవాళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కుంటారు.

జనవరి అన్నావు, మంచిదే. గోధుమ తల సీగల్స్ అప్పుడు ఇక్కడే ఉంటాయి. లదాఖ్, టిబెట్ సరస్సుల నుంచి వచ్చినవని చెప్పి, ఒడ్డునే చూపించు. అవి అంతరించిపోతున్నాయని మాత్రం అనకు, అది అబద్ధం. పెద్దవాళ్లతో వేరే సమావేశం కావాలంటే వేట నిషేధం రోజుల్లో పెట్టు, వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా ఉంటారు.

తుపాను తర్వాత ఒడ్డుకి కొట్టుకొచ్చిన పక్షిని ఏం చెయ్యాలో కూడా చెప్పు. మళ్లీ నీళ్లలోకి విసరొద్దు, నోట్లో నీళ్లు పొయ్యొద్దు. గాలాడే అట్టపెట్టెలో, నీడలో ఉంచి అటవీశాఖకి ఫోన్ చెయ్యాలి.

బైనాక్యులర్ నా దగ్గరుంది. కుడి అద్దం కాస్త మసక, ముందే చెప్తున్నా. వచ్చే శనివారం తమ్ముడిని పంపు, ఇచ్చేస్తాను.

మీ మావయ్య