బ్యాంకుకు పోయే ఇంట్లోంచి కిచెన్ ఊడదీసుకోవచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. 2022లో పది శాతం డౌన్ పేమెంట్ కట్టి 5.60 లక్షల డాలర్లకు ఇల్లు కొన్నాం. మరుసటి ఏడు 32 వేలు పెట్టి కిచెన్ అంతా మార్పించాం. ఎనిమిది నెలల కిందట మావారి ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఒహాయోలో తక్కువ జీతానికి కాంట్రాక్టు దొరికింది. నాలుగు నెలలుగా మార్ట్‌గేజ్ కట్టలేదు. మొన్న సర్టిఫైడ్ మెయిల్‌లో లెటర్ వచ్చింది. అప్పు ఇంకా 4.82 లక్షలు ఉంది. ఇల్లు 5.45 లక్షలు పలకొచ్చని ఏజెంట్ అన్నారు. ఇల్లు ఎలాగూ పోతుంది కాబట్టి క్యాబినెట్లు, క్వార్ట్జ్ కౌంటర్‌టాప్, షాండ్లియర్, బయటి ఏసీ యూనిట్లు ఊడదీసి అమ్ముకుంటే తొమ్మిది వేలైనా చేతికొస్తాయని మావారి స్నేహితుడు చెబుతున్నారు. అవన్నీ మేం డబ్బు పెట్టి చేయించుకున్నవే కదా, అందులో తప్పేముంది?

జవాబు: ఊడదీయకండి. మీ ఇల్లు ఇంకా పోలేదు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ‘ఇల్లు ఎలాగూ పోతుంది’ అన్న మాటే. మీరు రాసిన అంకెలు అలా చెప్పడం లేదు.

ఒకసారి కూర్చుని లెక్క వేద్దాం. అసలు 4.82 లక్షలు. నాలుగు నెలల వడ్డీ తొమ్మిది వేల దాకా అయి ఉంటుంది. మీరు కట్టకపోయినా ప్రాపర్టీ ట్యాక్సు, ఇన్సూరెన్సు లెండర్ కట్టి మీ ఖాతాలో రాసుకుంటారు. అది ఒక ఐదు వేలు అనుకుందాం. లేట్ ఫీజులు, లాయర్ల ఖర్చు మరో రెండు వేలు. మొత్తం సుమారు 4.98 లక్షలు. ఇల్లు 5.45కి అమ్ముడైతే ఏజెంట్ల కమిషన్, టైటిల్ కంపెనీ ఖర్చులు కలిపి 27 వేలు పోతాయి. అప్పంతా తీరాక మీ చేతిలో 20 వేల డాలర్లు మిగులుతాయి. ఇది నా అంచనా మాత్రమే. లెండర్ తరఫున వాయిదాలు వసూలు చేసే సర్వీసర్‌కు ఫోన్ చేసి పేఆఫ్ స్టేట్‌మెంట్ అడగండి, అప్పంతా తీరాలంటే ఎంత కట్టాలో కచ్చితమైన అంకె అందులో ఉంటుంది. అటూ ఇటూ కొన్ని వేలు మారినా, తొమ్మిది వేల కోసం పోగొట్టుకుంటున్నది ఎంతో మీకు కనిపిస్తూనే ఉంది.

పైగా ఆ తొమ్మిది వేలు కూడా రావు. కిచెన్ ఊడదీయడం దగ్గరుండి చూస్తే ఎందుకు రావో తెలుస్తుంది. క్వార్ట్జ్ పలకను క్యాబినెట్ల మీద సిలికాన్‌తో అతికిస్తారు. సింక్ కోసం కోసిన చోట ముందూ వెనకా మిగిలేది సన్నటి పట్టీ. లేపేటప్పుడు సాధారణంగా అక్కడే పగులుతుంది. క్యాబినెట్లను గోడ లోపలి చెక్క స్టడ్లకు, ఒకదానికొకటి స్క్రూలతో బిగిస్తారు. ఊడదీసేటప్పుడు వెనక పలకలు చీలిపోతాయి, అంచులు రాలిపోతాయి. ఇంతా చేసి బయటికి తీస్తే అవి మీ గోడ కొలతకు చేసిన పెట్టెలు. మరో ఇంట్లో అదే కొలత గోడ ఎవరికి ఉంటుంది? ఎవరైనా వచ్చినా మీరు పెట్టిన దాంట్లో పదో వంతుకు బేరమాడతారు, తీసుకెళ్లడానికి మనుషులను కూడా మిమ్మల్నే పెట్టుకోమంటారు.

ఏసీ సంగతి ఇంకా ఘోరం. బయటి యూనిట్ గొట్టాలు కోస్తే అందులోని గ్యాస్ గాల్లోకి పోతుంది. అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ 608వ సెక్షన్ ప్రకారం తెలిసి తెలిసి అలా వదలడం చట్టవిరుద్ధం. సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియనే ఆ గ్యాస్‌ను తీయాలి. పాత యూనిట్‌కు వచ్చేది వందల్లో, కొత్తది బిగించాలంటే అయ్యేది వేలల్లో.

ఇక మీరు అడిగిన అసలు మాట: మేం కొన్నవే కదా? మీరే కొన్నారు, నిజమే. కానీ గోడకు, నేలకు, సీలింగ్‌కు బిగించిన రోజు నుంచి అవి ఇంట్లో భాగం. కోర్టులు ఇక్కడ మూడు విషయాలు చూస్తాయి: వస్తువును ఇంటికి ఎలా బిగించారు, ఆ ఇంటి వాడకానికి తగినట్టు అమర్చారా, బిగించేటప్పుడు శాశ్వతంగా ఉంచాలనే ఉద్దేశం ఉందా. మీ కిచెన్ ఈ మూడింటికీ సరిపోతుంది. మీరు సంతకం పెట్టిన తాకట్టు పత్రం, అంటే డీడ్ ఆఫ్ ట్రస్ట్, తీసి చూడండి. లెండర్ల దగ్గర ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థల నమూనా పత్రమైతే, ఇప్పుడున్న కట్టడాలతో పాటు తర్వాత కట్టేవి, చేర్చేవి, ఫిక్చర్లు (ఇంటికి బిగించినవి) అన్నీ తాకట్టులోకి వస్తాయని అందులో స్పష్టంగా ఉంటుంది. ఏడో సెక్షన్లో ఇంటిని పాడు చేయకూడదు, విలువ తగ్గించకూడదు అనే షరతు కూడా ఉంటుంది. 32 వేల కిచెన్ పెట్టిన రోజునే అది తాకట్టులో చేరిపోయింది.

ఇది కొత్త గొడవేమీ కాదు. 2008 తర్వాత లాస్ వేగస్, ఫీనిక్స్ వైపు ఇళ్లు పోగొట్టుకున్న ఎందరో కోపంతో సింకులు, తలుపులు, రాగి గొట్టాల దాకా పీక్కెళ్లారు. అంతకు చాలా ముందే కాలిఫోర్నియా పీనల్ కోడ్ 502.5వ సెక్షన్ తాకట్టు ఇంటికి బిగించినవాటిని లెండర్‌ను నష్టపరిచే ఉద్దేశంతో, రాతపూర్వక అనుమతి లేకుండా తీసుకెళ్తే దొంగతనమేనని తేల్చింది. అందులో విండ్‌మిల్లు, నీళ్ల ట్యాంకు, పంపు అని పేర్లు పెట్టి మరీ రాశారు. మీరున్నది టెక్సస్‌లో కాబట్టి ఆ సెక్షన్ మీకు వర్తించదు. కానీ లెండర్ హక్కును అడ్డుకునే ఉద్దేశంతో తాకట్టు ఇంట్లోంచి వస్తువులు తీసేయడం, దాని విలువ తగ్గించడం టెక్సస్ పీనల్ కోడ్ 32.33వ సెక్షన్ ప్రకారం ఇక్కడా నేరమే. దానికి తోడు దావా కూడా పడొచ్చు, అందుకే మీకు తెలియాలి.

బాకీ కింద లెండర్ ఇంటిని వేలం వేయడాన్ని ఫోర్‌క్లోజర్ అంటారు. ఆ వేలంలో వచ్చిన డబ్బు అప్పుకు చాలకపోతే, మిగతాది రాబట్టడానికి టెక్సస్‌లో లెండర్ రెండేళ్ల లోపు మీ మీద కేసు వేయొచ్చు. అప్పుడు మిమ్మల్ని కాపాడే వీలు ఒకటుంది. వేలంలో ఎంత తక్కువకు పోయినా సరే, ఆ రోజు ఇంటి నిజమైన మార్కెట్ విలువ తేల్చమని మీరు కోర్టును అడగొచ్చు. విలువ ఎక్కువని తేలితే ఆ తేడా మీ బాకీలోంచి తీసేస్తారు. కిచెన్‌తో, ఏసీతో మీ ఇల్లు 5.45 విలువ చేస్తే బాకీ నిల్. అవి లేని ఇల్లు 4.90 అని తేలితే ఎనిమిది వేలు మీరు కట్టాలి. తన గోడను తానే కూల్చుకున్నట్టు, మిమ్మల్ని ఆదుకునే విలువను మీ చేత్తో మీరే తగ్గించుకున్నవాళ్లవుతారు. ఒకవేళ వేలంలో అప్పుకు మించి పలికి, దాని మీద వేరే బాకీలేవీ లేకపోతే ఆ మిగులు మీకే రావాలి. కిచెన్ లేని ఇంటికి అంత పాట ఎవరు పాడతారు?

‘ఎవరు చూడొచ్చారు’ అని ఆ స్నేహితుడు అని ఉంటారు. వాయిదాలు ఆగిన ఇళ్లను సర్వీసర్లు మనుషులను పంపి చూపించుకుంటారు. మీరు కొన్నప్పటి లిస్టింగ్ ఫొటోలు నెట్‌లో ఉంటాయి. మీ క్వార్ట్జ్ పలక ఫొటో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో మీ పేరుతోనే పెడతారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

మరి ఏం తీసుకెళ్లొచ్చు? దేనికీ బిగించకుండా నిలబెట్టినవన్నీ మీవే: ఫ్రిజ్, వాషర్, డ్రయర్, సోఫాలు, మంచాలు, నేల మీద నిలబెట్టిన పూజా మందిరం. గోడలో పెట్టి కట్టించిన మందిరమైతే ఇంటిదే. డిష్‌వాషర్, స్టవ్ పైన బిగించిన మైక్రోవేవ్, సీలింగ్ ఫ్యాన్లు, గరాజ్ డోర్ ఓపెనర్ ఇంటివి. టీవీ మీది, గోడకున్న దాని బ్రాకెట్ ఇంటిది. ఈ బ్రాకెట్ మాట నేను కల్పించింది కాదు, టెక్సస్‌లో ఇళ్ల అమ్మకానికి వాడే మామూలు కాంట్రాక్టులోనే ఉంది. కర్టెన్లు, వాటి రాడ్లు కూడా ఇంటితో పాటే వెళ్తాయని అందులో ఉంటుంది.

షాండ్లియర్ మీద మీకు మమకారం ఉన్నట్టుంది. దాన్ని దక్కించుకునే దారి కూడా ఆ కాంట్రాక్టులోనే ఉంది. రెండో పేరాలో మినహాయింపుల గడి ఉంటుంది. ఫలానా షాండ్లియర్ మేం తీసుకెళ్తాం అని ముందే రాసి, కొనేవాళ్లు ఒప్పుకుని సంతకం పెడితే దర్జాగా తీసుకెళ్లండి. ఆ చోట మామూలు లైటు ఒకటి పెట్టించండి చాలు. ఇల్లు మీరే అమ్మితే దక్కే సౌకర్యం ఇది, వేలానికి వదిలేస్తే ఉండదు.

ఇక టైమ్ సంగతి. టెన్షన్ పడాల్సింది కిచెన్ గురించి కాదు, దీని గురించి. కేంద్ర నిబంధనల ప్రకారం వాయిదా తప్పి 120 రోజులు దాటేదాకా ఫోర్‌క్లోజర్ మొదటి నోటీసు ఇవ్వకూడదు. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ గడువు అంచున ఉన్నారు. మీకొచ్చిన లెటర్ బహుశా బాకీ సరిచేసుకోమని ఇచ్చేది. సొంతంగా ఉంటున్న ఇంటికి టెక్సస్‌లో దానికి కనీసం 20 రోజులు ఇవ్వాలి. ఆ తర్వాత వేలం నోటీసు కనీసం 21 రోజుల ముందు రావాలి. వేలం నెలలో మొదటి మంగళవారం జరుగుతుంది. కోర్టు విచారణ లేకుండానే అయిపోతుంది కాబట్టి ఇక్కడ అంతా చాలా వేగం. ఆ లెటర్ మీద తేదీ చూసి, మంగళవారాలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఈ వారమే ఏజెంట్‌తో లిస్టింగ్ పెట్టించండి. అదే రోజు సర్వీసర్‌ను లాస్ మిటిగేషన్ (ఫోర్‌క్లోజర్ తప్పించే దారులు చూడమనే) దరఖాస్తు అడిగి, జీతం కాగితాలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇబ్బంది వివరిస్తూ ఒక పేజీ లెటర్‌తో పూర్తి చేసి పంపండి. వేలానికి 37 రోజుల కంటే ముందే పూర్తి దరఖాస్తు అందితే, దాని మీద నిర్ణయం చెప్పేదాకా చాలా లోన్లకు వేలం జరపకూడదు. ఒక్క కాగితం తగ్గినా దరఖాస్తు పూర్తి కాలేదంటారు. అందుకని మీకు పంపిన జాబితాలోని ప్రతి కాగితం సరిచూసుకోండి. కొనేవాళ్లు దొరికి కాంట్రాక్టు మీద సంతకాలయ్యాక దాన్ని కూడా పంపి, వేలం వాయిదా వేయమని రాతపూర్వకంగా అడగండి. ఈ పనులన్నిటిలో కేంద్ర ప్రభుత్వ గృహ శాఖ హడ్ ఆమోదించిన హౌసింగ్ కౌన్సెలర్ ఉచితంగా సాయం చేస్తారు. డబ్బు ముందు కట్టమనేవాళ్లను, డీడ్ మా పేరు మీద రాయండి ఇల్లు కాపాడతాం అనేవాళ్లను గుమ్మంలోకి రానివ్వకండి.

ఇల్లు అనుకున్న ధరకు పోకపోతే? అప్పు కంటే తక్కువకు అమ్మడానికి లెండర్ ఒప్పుకుంటే షార్ట్ సేల్, తాళాలిచ్చి డీడ్ రాసిచ్చేస్తే డీడ్ ఇన్ లూ. రెండింటిలోనూ మిగతా బాకీ అడగబోమని లెండర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. మాఫీ చేసిన మొత్తానికి 1099-సి అనే ట్యాక్సు ఫారం రావచ్చు కాబట్టి ట్యాక్సు లెక్కలు చూసే సీపీఏతో మాట్లాడండి. అన్నీ దాటి వేలమే జరిగిపోయినా, గొడవ లేకుండా ఖాళీ చేస్తే కొత్త యజమాని కొంత డబ్బిచ్చే పద్ధతి ఉంది, దాన్ని ‘క్యాష్ ఫర్ కీస్’ అంటారు. ఇల్లు ఊడ్చి శుభ్రంగా, బిగించినవి బిగించినట్టే ఉంటేనే ఇస్తారు. కిచెన్ పీకేసిన ఇంటికి ఒక్క డాలరు రాదు.

ముందు ముందు మళ్లీ ఇల్లు కొనాలనుకుంటారు కదా. ఫోర్‌క్లోజర్ అయితే ఫ్యానీ మే లోన్‌కు మామూలుగా ఏడేళ్లు ఆగాలి, షార్ట్ సేల్‌కైతే నాలుగేళ్లు. అప్పంతా తీర్చి మామూలుగా అమ్మేస్తే ఆ నిరీక్షణ ఉండదు. ఆలస్యమైన వాయిదాల మచ్చ మాత్రం క్రెడిట్ రిపోర్టులో ఏడేళ్లు ఉంటుంది.

ఉద్యోగంలో దాచుకున్న రిటైర్మెంట్ ఖాతా, అదే 401(కె), జోలికి మాత్రం వెళ్లకండి. ఫోర్‌క్లోజర్ ఆపడానికని చాలా ప్లాన్లు డబ్బు తీయనిస్తాయి, కానీ ట్యాక్సుతో పాటు సాధారణంగా పది శాతం పెనాల్టీ పడుతుంది. ఒహాయో వెళ్లాక ఈ ఇంటి వాయిదా మోయగలిగే జీతం మీకు లేదు. అలాంటప్పుడు రిటైర్మెంట్ డబ్బు నాలుగు నెలల బాకీలో పోస్తే ఐదో నెల మళ్లీ ఇక్కడికే వస్తారు.

మీవారు ముందు వెళ్లినా, ఇల్లు అమ్ముడయ్యేదాకా మీరు, పిల్లలు అందులోనే ఉండగలిగితే మంచిది. 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉన్న ఇంట్లో దొంగలు పడి ధ్వంసం చేస్తే చాలా పాలసీలు డబ్బు ఇవ్వవు. తప్పక వెళ్లాల్సివస్తే ఆ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి, ఖాళీ ఇంటికి వర్తించే కవరేజీ తీసుకోండి. మెయిన్ నీళ్ల వాల్వు కట్టేయండి. కరెంటు మాత్రం ఉంచండి, ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లకు ఏసీ నడుస్తూ కనిపించాలి.