నిమ్‌ను నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మేం నలుగురం కలిసి పనిచేస్తాం. యంత్రాల నుంచి వచ్చే కొలతలను చదివి, తప్పులు తీసేసి, పట్టికలుగా మార్చే ప్రోగ్రాం మాది. పైథాన్‌లో రాశాం. డేటా పెరిగేకొద్దీ అది రాత్రంతా నడుస్తోంది. ఆరు నెలలుగా తీరిక వేళల్లో, కొద్దిమందే వాడే నిమ్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, ఆ ప్రోగ్రాంను అందులో తిరగరాసి చూపించాను. అదే పని కొన్ని నిమిషాల్లో అయింది. మా బృందంలో పెద్దాయన మాత్రం, ‘బాగానే ఉంది, రేపు నువ్వు వెళ్లిపోతే దీన్ని ఎవరు చూస్తారు?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పట్టుబట్టమంటారా, వదిలేయమంటారా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మీ పెద్దాయన వేగం గురించి వాదించకుండా మనుషుల గురించి అడిగారు. మంచి ప్రశ్న. దాన్ని దాటవేయకండి.

నిమ్ 1.0 వెర్షన్ 2019 సెప్టెంబరులో వచ్చింది. అప్పటి నుంచి నా పని అందులోనే. ఇప్పటికీ ఇష్టంగా రాస్తాను, కాబట్టి వదిలేయమని చెప్పడానికి నాకు మనసొప్పదు. అయితే నాకు ఎదురైన ఒక సంగతి చెబుతాను. విన్నాక మీరే తూచుకోండి.

పరికరాలతో మాట్లాడే ఒక లైబ్రరీ, అంటే ఇతరులు వాడుకోవడానికి సిద్ధంగా ఉంచిన కోడ్, సి భాషలో ఉంది. దాన్ని నిమ్ నుంచి వాడుకోవడానికి ఒకాయన చిన్న లైబ్రరీ రాశారు. నా ప్రోగ్రాం దానిమీదే ఆధారపడింది. నాలుగేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. 2023 ఆగస్టులో 2.0 వచ్చింది. మెమరీని చూసుకునే పద్ధతి అందులో మారింది. నేను కొత్త వెర్షన్‌కు వెళ్లిన వారంలోనే ప్రోగ్రాం ఉన్నట్టుండి కూలిపోవడం మొదలైంది. ఒకరోజు పొద్దున్నుంచి రాత్రిదాకా నడిచేది, మర్నాడు రెండు నిమిషాలకే ఆగిపోయేది. లాగ్‌లో పరికరం పేరు ఉండాల్సిన చోట అర్థంలేని అక్షరాలు కనిపించేవి.

చివరికి ఆ అక్షరాలే దారి చూపించాయి. లైబ్రరీ పరికరం పేరును స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) తయారుచేసి, దాని పాయింటర్‌ను, అంటే మెమరీలో అది ఉన్న చోటు చిరునామాను, సి వైపు ఇస్తోంది. సి వైపు ఆ పాయింటర్‌ను దాచుకుని తర్వాత వాడుకుంటోంది. పాత పద్ధతిలో, అక్కర తీరిన మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ తీరిగ్గా వచ్చి ఊడ్చేది. ఈలోపు ఆ పేరుతో సి వైపు అవసరం తీరిపోయేది. కొత్త పద్ధతిలో ఫంక్షన్ ముగియగానే ఆ చోటు ఖాళీ అవుతుంది. అంటే తప్పు మొదటి నుంచీ ఉంది, ఇన్నేళ్లూ బయటపడలేదంతే. ఆ స్ట్రింగ్‌ను ఆబ్జెక్టులో ఒక ఫీల్డుగా అట్టిపెడితే సరిపోయింది. ఒక్క లైను. దాన్ని పట్టుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

లైబ్రరీ రాసినాయనకు మొదటి రోజే రాశాను, జవాబు లేదు. పైథాన్‌లో అయితే ఇదే గోతిలో పడి లేచినవారు ఎక్కడో ఒకరు దొరికేవారు. ఇక్కడ ఎవరూ దొరకలేదు. సవరణ పంపిన మూడు వారాలకు ఆయన నుంచి ఉత్తరం వచ్చింది. ఉద్యోగం మారిందట, నిమ్ ముట్టుకుని రెండేళ్లయిందట, లైబ్రరీని ఇకపై మీరే చూసుకుంటారా అని అడిగారు. ఒప్పుకున్నాను. ఇప్పటికీ నేనే చూసుకుంటున్నాను.

అదే ఏడాది, నిమ్ కోడ్‌ను యంత్రం నడపగల ప్రోగ్రాంగా మార్చే కంపైలర్‌లో ఒక లోపం కనిపిస్తే తెలియజేశాను. కంపైలర్ రాసేవారిలో ఒకరు ఆ సాయంత్రమే, లోపం కనిపించే అతి చిన్న ప్రోగ్రాం పంపమని అడిగారు. తర్వాతి వెర్షన్‌లో అది సరి అయింది. పెద్ద భాషల్లో అన్నేళ్లు పనిచేసినా నాకు అటువంటి అనుభవం ఎప్పుడూ కలగలేదు.

ఇక మీ పని. మీ ప్రోగ్రాం వాడే లైబ్రరీలన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతిదానికీ నిమ్‌లో ఏముందో వెతికి, ఆ కోడ్ తెరిచి చదవండి. ఎంతమందికి నచ్చిందన్న లెక్క నాకు ఎప్పుడూ ఉపయోగపడలేదు. చివరిసారి ఎప్పుడు మార్చారు, మార్చే చేతులు ఎన్ని, ముఖ్యంగా అది చెడితే మీరు బాగుచేయగలరా, అంతే చూడండి. బాగుచేయలేననిపించినవి ఒకటి రెండు మించితే ఆగిపోవడం మేలు.

నిమ్ మొదట సి కోడ్‌గా మారి, ఆపైన కంపైల్ అవుతుంది. కనుక నిమ్‌లో లేనిది సిలో ఉంటే నేరుగా పిలుచుకోవచ్చు. ఈ వెసులుబాటు అన్ని చిన్న భాషల్లోనూ ఉండదు. వెబ్ పేజీల కోసం తయారై, జావాస్క్రిప్ట్‌గా మారే ఎల్మ్ ఎంతో అందమైన భాష. 2018లో 0.19 వచ్చినప్పుడు జావాస్క్రిప్ట్‌ను నేరుగా పిలిచే దారిని బయటివారికి మూసేశారు, ఇక పోర్టుల మీదుగానే, అంటే సందేశాలు పంపుకునే దారుల్లోనే, వెళ్లాలి. పాత దారిమీద ప్రోగ్రాంలు కట్టుకున్నవారిలో కొందరు పాత వెర్షన్‌లోనే ఉండిపోయారు.

అందుకని మొత్తం తిరగరాయవద్దు. సమయం ఎక్కడ పోతోందో ముందు కొలవండి. పైథాన్‌లో లెక్కలను వేగంగా చేసే నంపై లైబ్రరీతో తీరే చిక్కయితే నిమ్ అవసరమే లేదు. తీరకపోతే, ఆ ఒక్క భాగాన్నే నిమ్‌లో రాసి, షేర్డ్ లైబ్రరీగా (ఇతర ప్రోగ్రాంలు పిలుచుకునే ఫైలుగా) కంపైల్ చేసి, పైథాన్‌తో పాటే వచ్చే సీటైప్స్ ద్వారా పిలవండి. రేపు నిమ్ వద్దనుకుంటే ఆ భాగాన్ని సిలో రాసుకోవచ్చు, మిగతా ప్రోగ్రాంను ముట్టుకోనక్కర్లేదు.

పెద్దాయన ప్రశ్నకు మాత్రం మాటలతో జవాబివ్వలేరు. బృందంలో ఇంకొకరికి ఓ నెల నేర్పండి. తర్వాత ఆ భాగంలో చేయాల్సిన ఒక మార్పును వారికి అప్పగించి, మీరు వారం సెలవు పెట్టండి. తిరిగి వచ్చేసరికి ఆ మార్పు జరిగి, ప్రోగ్రాం నడుస్తుంటే పెద్దాయనకు చూపించండి. జరగకపోతే పైథాన్‌లోనే ఉండిపొండి.

నేర్పేటప్పుడు మొదటి రోజే చెప్పాల్సింది ఒకటుంది. నిమ్‌లో పేరులోని మొదటి అక్షరం తప్ప మిగతా చోట పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా లేదు, అండర్‌స్కోర్ కూడా లెక్కలోకి రాదు. ఒకే ఫంక్షన్ పేరును ఒకరు అండర్‌స్కోర్‌తో, మరొకరు మధ్యలో పెద్ద అక్షరంతో రాస్తారు, కంపైలర్‌కు రెండూ ఒకటే. కోడ్‌లో పదాలు వెతికే మామూలు గ్రెప్‌తో వెతికితే కొన్ని చోట్లు దొరకవు. అందుకే నిమ్‌తో పాటు, ఈ తేడాలు పట్టించుకోకుండా వెతకగల నిమ్‌గ్రెప్ కూడా ఇస్తారు. ఇది చెప్పడం నేను మరచిపోయాను. నా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక ఫంక్షన్ కోసం వెతికి, అది ఎక్కడా లేదని నిర్ధారించుకుని, తనే మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.