తపస్సు కాలంలో విడిపోయిన కుటుంబాల్ని కలపడం: పాపసంకీర్తనం ఒక్కటే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: విజయనగరం జిల్లాలో మీది ఒక క్యాథలిక్ విచారణ (ఒక గురువు, అంటే ఫాదర్ గారు, చూసుకునే పారిష్) కింద ఉన్న చిన్న ఊరు. పొలం గట్టు దగ్గర తగువుపడి అన్నదమ్ముల రెండు కుటుంబాలు మాటలు మానేశాయి. ఒకరు పూజకొస్తే రెండోవారు రారు. పాస్కాకి (ఈస్టర్‌కి) ముందు వచ్చే తపస్సు కాలంలో ఎవరికి వారు పాపసంకీర్తనం చేసేస్తే, అంటే గురువు దగ్గర తమ పాపాలు ఒప్పుకుంటే, సరిపోతుందా, సంఘపెద్దలుగా మీరేం చెయ్యాలి?

సరిపోదు. అలాగని అవతలివాడు ఒప్పుకునేదాకా పాపక్షమ దొరకదనీ కాదు. పాపసంకీర్తనంలో దేవుడు పాపాన్ని క్షమిస్తాడు గానీ చేసిన నష్టాన్ని చేతనైనంత పూడ్చే బాధ్యత మనమీదే ఉంటుంది. తీసుకున్నది తిరిగివ్వాలి, పరువు తీసినచోట పరువు నిలబెట్టాలి. కానుకను పీఠం దగ్గరే వదిలి ముందు వెళ్ళి సోదరుడితో సమాధానపడమని మత్తయి 5:23-24లో ప్రభువు చెప్పింది కూడా ఇదే. క్షమించడం ఒక్కరితో అయ్యే పని, కలవడానికి మాత్రం ఇద్దరూ కావాలి. మొదటిది ఈ రాత్రే చెయ్యొచ్చు. రెండోదానికి వారాలు పడుతుంది కాబట్టి పాస్కాకి ముందున్న పవిత్ర వారంలో మొదలుపెట్టకండి.

2027లో తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం ఫిబ్రవరి 10న, పాస్కా మార్చి 28న వస్తున్నాయి. మొదటి ఆదివారం లోపే రెండు ఇళ్ళకీ మనుషులు వెళ్ళాలి. మార్చి 7న వచ్చే నాలుగో ఆదివారం నాటికి ఇద్దరూ ఒకచోట కూర్చోగలిగితే బాగున్నట్టు. ఆ తర్వాత ఫాదర్ గారికి ఊపిరి సలపదు. 1993లో విశాఖపట్నం నుంచి విడదీసిన మన శ్రీకాకుళం మేత్రాసనంలో (బిషప్ గారి పరిధిలో) ఒక్కో విచారణ గురువు చేతికింద ఎన్నో ఊళ్ళుంటాయి, పాస్కాకి వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నుంచి ఆయన ఏ ఊళ్ళోనూ గంటకు మించి నిలబడలేరు. ఇద్దరిలో ఒకరు హైదరాబాదో చెన్నయ్యో పనికెళ్ళి ఉంటే, సంక్రాంతికి వచ్చి వెళ్ళినవాడు మళ్ళీ పాస్కాకే దిగుతాడు. అతనితో ముందు ఫోన్లో మాట్లాడి ఉంచాలి. బస్సు దిగిన రోజే పంచాయితీ పెడితే వచ్చిన దారినే పోతాడు.

మొదటిసారి ఫాదర్ గారిని తీసుకెళ్ళొద్దు. ఆయన ముందు మొహమాటానికి అందరూ "సరే ఫాదర్" అనేస్తారు, ఆయన మోటారుసైకిల్ ఊరు దాటగానే అంతా మామూలే. ఇద్దరు వెళ్ళండి. అందులో ఒకరైనా రెండు వైపులా చుట్టరికం లేనివారై ఉండాలి. ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశిగారు సరిపోతారు, ఆయన ఎవరికో ఒకరికి బావో మావయ్యో కాకపోతే. పూజ అయ్యాక గుడి బయట అందరిముందూ కదపకుండా, అన్నాలవేళ దాటాక ఇంటికే వెళ్ళండి. మందు పుచ్చుకుని ఉంటే ఆ రోజుకి క్షేమసమాచారం అడిగి లేచి వచ్చేయండి.

అడగాల్సినవి మూడే: ఏం జరిగింది, నీకేం నష్టమైంది, ఏం చేస్తే నీకు చాలు. చెప్పనివ్వండి, మధ్యలో వాక్యాలు అప్పజెప్పకండి. "నాకేటి అవసరం, ఆడే రావాల" అంటారు, రెండిళ్ళలోనూ అదే మాట వినబడుతుంది. దాన్ని అవతలింటికి మొయ్యకండి. తిట్లు మీ దగ్గరే ఆగాలి, అడిగినవి మాత్రమే అటు చేరాలి. మధ్యవర్తి నోరు జారడం వల్ల చెడిన రాజీలే ఎక్కువ.

ఆడవాళ్ళ సంగతి మర్చిపోతారు, అక్కడే పని పాడవుతుంది. అన్నదమ్ములు చేతులు కలిపినా తోడికోడళ్ళు బోరింగు దగ్గర మొహం తిప్పుకుంటే నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తుంది. వాళ్ళతో విడిగా మాట్లాడేది ఒక సిస్టర్ గారో పెద్దావిడో కావాలి, మగపెద్దలు కాదు.

గట్టు తగువును మాత్రం గుడిలోకి తేవద్దు. అది కొలతతో తేలేది. గ్రామ సచివాలయంలో ఎఫ్ లైన్ కొలతకి (పొలం హద్దుల సర్వేకి) దరఖాస్తు పెట్టించి, సర్వేయరు వచ్చిన రోజు ఇద్దరూ పొలంలో ఉండేట్టు చూడండి. కొలత ఎటు తేలినా ఒప్పుకుంటామని ముందే మాట తీసుకోండి. మినుములు, పెసలు తీసేసి చేను ఖాళీగా ఉన్నప్పుడైతే గొలుసు లాగడం తేలిక, పంట పాడయిందనే కొత్త తగువూ పుట్టదు. "కేసు వెనక్కి తీసుకుంటేనే క్షమించినట్టు" అనే షరతు పెట్టకండి, క్షమాపణకీ కోర్టుకీ ముడి లేదు. ఇంట్లో కొట్టడం, పిల్లల మీద అఘాయిత్యం, కులం పేరుతో దూషించడం లాంటివి జరిగి ఉంటే అసలు రాజీకే కూర్చోబెట్టకూడదు. అక్కడ పోలీసు ఫిర్యాదు ముందు, తపస్సు కాలం పేరు చెప్పి బాధితుల నోరు నొక్కడం పాపం.

క్షమాపణ మాటలు ముందే సరిచూసుకోవాలి. "నా వల్ల ఏమైనా తప్పు జరిగితే క్షమించు" అన్నది పనికిరాదు, ఆ "ఏమైనా"లో తప్పంతా దాక్కుంటుంది. ఇలా ఉండాలి: "అన్నయ్యా, ఆ రోజు సంతలో నలుగురిముందు నిన్ను దొంగన్నాను. నువ్వు దొంగవి కావు. ఆ నలుగురికీ నేనే చెప్తాను." ఇక అక్కడితో ఆగాలి. తర్వాత "కానీ" అని మొదలెట్టాడంటే మీరే మాట మార్చేయండి. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే దిద్దుకోవాలి, గదిలో అన్నది గదిలో చాలు.

ఇక పాపసంకీర్తనం. చాలామంది "ఫాదర్ గారికి చెప్పేశాను కదా, ఆయనే చూసుకుంటారు" అనుకుంటారు. ఆయన చూసుకోలేరు. అక్కడ విన్నదాన్ని ఎవరికీ చెప్పకూడదు, దాని ఆధారంగా మీ అన్నయ్యని మందలించనూ కూడదు, బయట మీ దగ్గరే ఆ ఊసు ఎత్తకూడదు. ఆ రహస్యానికి మినహాయింపు లేదు. ఆయన సాయం కావాలంటే వేరే రోజు గురునివాసానికి వెళ్ళి మామూలుగా మాట్లాడుకోవాలి. పాపసంకీర్తనంలో మీ పాపమే చెప్పాలి, ఘోరపాపమైతే ఏమిటో, సుమారుగా ఎన్నిసార్లో కూడా. వదిన ఏమంది, అన్న ఏం చేశాడు అనేది అక్కడ అక్కర్లేదు.

ఊరంతటికీ కలిపి పశ్చాత్తాప ప్రార్థన పెడితే లెక్క వేసుకోండి. తొంభై మంది వస్తే, మనిషికి నాలుగు నిమిషాల చొప్పున, ముగ్గురు గురువులకి రెండు గంటలు. సాయంత్రం ఐదుకే మొదలుపెట్టాలి. పక్క విచారణల నుంచి ఇద్దరు గురువుల్ని పిలవమని ముందే అడగండి. చిన్న ఊళ్ళో తెలిసిన ఫాదర్ గారికి చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్ళు ఎక్కువ, కొత్తవారైతే వస్తారు. కుర్చీలు వరసకి దూరంగా వేసి, వరసలో నిలుచున్నవాళ్ళకి మాట వినబడకుండా పాట పాడించండి. జనం ఎక్కువయ్యారని అందరికీ కలిపి ఒకేసారి పాపవిమోచనం ఇచ్చేయమని గురువుల్ని ఒత్తిడి చెయ్యకండి. ప్రాణాపాయం లాంటి తప్పనిసరి స్థితిలో తప్ప అది కుదరదు.

కలిపే రోజున వేదిక ముందుకు పిలిచి కౌగిలించుకోమనడం, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మానండి. పవిత్ర గురువారం పాదాలు కడిగించుకునేవారిలో ఆ ఇద్దర్నీ చెప్పకుండా కూర్చోబెట్టడమూ అంతే. పదిమందిలో తల వంచాల్సివచ్చినవాడు లోపల మరింత బిగుసుకుంటాడు.

దానికన్నా పని కల్పించండి. శుక్రవారం సిలువ మార్గం అయ్యాక అందరికీ అంబలి పెట్టే ఆనవాయితీ ఉంటే ఒక వారం ఆ రెండు ఇళ్ళకీ కలిపి అప్పగించండి. యాభై మందికి గ్లాసుడు చొప్పున కిలో చోడిపిండి (రాగిపిండి), అరకిలో నూకలు, పన్నెండు లీటర్ల నీళ్ళు చాలు. పిండి ముందురోజు రాత్రే నీళ్ళలో కలిపి పులియనివ్వాలి. పొడిపిండి మరుగుతున్న నీళ్ళలో పోస్తే ఉండలు కడుతుంది. నూకలు ఉడికాక పులిసిన పిండి ఒకరు పొయ్యాలి, అదే చేతితో కలపడం కుదరదు కనుక ఇంకొకరు తెడ్డు తిప్పాలి. "ఇంకాస్త పొయ్యి", "చాలు, ఆపు" అన్న మాటలైనా మొదలవుతాయి. ఉప్పు, మజ్జిగ, నంజుకోడానికి ఉల్లిపాయ. ఎండుచేప కూడా మాంసవర్జనకి (శుక్రవారం మాంసం మానే నియమానికి) అడ్డం కాదు. మాంసవర్జన పద్నాలుగేళ్ళు నిండినవారికి, ఉపవాసం పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిది నిండేదాకా. 2027 మార్చి 19 శుక్రవారమే అయినా పునీత జోజప్పగారి మహోత్సవం కాబట్టి ఆ రోజు మాంసం మానాలన్న నియమం లేదు. ఉపదేశిగారు ముందే చెప్పకపోతే దానిమీద ఇంకో గొడవ.

పాస్కా తర్వాత రెండిళ్ళలో ఎవరింట్లో మొదటి శుభకార్యం వచ్చినా ఇంటిపెద్దే స్వయంగా వెళ్ళి పిలవాలి. కార్డు పిల్లాడి చేత పంపితే చేసిన పనంతా పోతుంది. ఎవరైనా పోతే పిలుపు కోసం చూడకుండా వెళ్ళాలి.

ఒకరు ఎంతకీ రాకపోతే? వెళ్ళినవాడు మనస్ఫూర్తిగా వెళ్ళి ఉంటే అతని వంతు అయిపోయింది, నిశ్చింతగా దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర అప్పం) తీసుకోవచ్చు. రానివాణ్ణి సత్ప్రసాదానికి రావద్దనే అధికారం సంఘపెద్దలకి లేదు, వరసలోంచి పక్కకి లాగడం అసలు చెయ్యకండి. అతని సంగతి ఫాదర్ గారికి వదిలి, మీరు ఏ పండుగకైనా ఆ ఇంటికి వెళ్ళి పిలవడం మాత్రం ఆపొద్దు.