మార్కెట్ కూలే ముందు సంకేతాలు కనిపిస్తాయా?

మీ ప్రశ్న: తిత్లీ తుఫాను పలాస మీదికి వచ్చే ముందు హెచ్చరిక ఇచ్చారు కదా, షేర్ మార్కెట్ పడిపోయే ముందు అలా ఎందుకు చెప్పలేరు?

హెచ్చరిక విని తుఫాను దారి మార్చుకోదు. మార్కెట్ మార్చుకుంటుంది. సోమవారం పడుతుందని అందరూ నమ్మితే శుక్రవారమే అమ్మేస్తారు, ఆ రోజే పడుతుంది. కాబట్టి తేదీతో సహా చెప్పే యూట్యూబ్ పండితులను వదిలేయండి.

ప్రమాదం పెరుగుతోందా అన్నది మాత్రం కొంత తెలుస్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద గుర్తు అప్పు. 1929 మార్కెట్ పతనానికి ముందు అమెరికాలో చాలామంది షేరు ధరలో 10 శాతమే చేతి నుంచి పెట్టి, మిగతాది బ్రోకర్ దగ్గర అప్పు తీసుకుని కొన్నారు. ధర కాస్త తగ్గగానే బ్రోకర్ ఇంకా డబ్బు కట్టమంటాడు, కట్టకపోతే షేర్లు అమ్మేస్తాడు. ఆ అమ్మకంతో ధర ఇంకా తగ్గి మరొకరి షేర్లు అమ్మకానికి వస్తాయి. 1992లో ముంబై బ్రోకర్ హర్షద్ మెహతా పెంచిన ధరల వెనక ఉన్నదీ బ్యాంకుల డబ్బే.

ఇంకొకటి, షేరు ధరకీ కంపెనీ లాభానికీ ఉన్న నిష్పత్తి. అది ఎంత పెరిగితే షేర్లు అంత ఖరీదైనట్టు. అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ షిల్లర్ పదేళ్ల సగటు లాభంతో దీన్ని లెక్క కడతారు. అమెరికా మార్కెట్‌లో 1929లో అది 30 దాటింది, 1999 చివర్లో 44 దాకా వెళ్లింది. అయితే ధరలు మరీ ఎక్కువని ఆయన 1996లోనే అన్నారు, మార్కెట్ ఇంకో మూడేళ్లు పెరిగింది!

1987 అక్టోబర్ 19న అమెరికా షేర్ సూచీ డౌ జోన్స్ ఒక్కరోజే 22.6 శాతం పడింది. అంతటి వార్త ఆ రోజు ఏదీ లేదు. నష్టం తగ్గించుకోవడానికి పెద్ద సంస్థలు పెట్టుకున్న కంప్యూటర్ అమ్మకాలే పతనాన్ని పెంచాయి.

జీడిపిక్కల కొనుగోలుకు దాచిన డబ్బు కూడా షేర్లలో పెట్టానన్నారు. అది ముందు బయటికి తీయండి.