హెచ్‌ఐవీ వార్డులో తలనొప్పి: జూనియర్ డాక్టరుకు ఒక లేఖ

అమ్మా,

హెచ్‌ఐవీ వార్డు బాధ్యత నీకు అప్పగించారని తెలిసింది. తలనొప్పితో వచ్చేవాళ్ల గురించి కొన్ని మాటలు చెప్పాలి.

సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) వంద లోపున్న మనిషి రెండు వారాలుగా తలనొప్పి అంటే, జ్వరం లేదనీ మెడ బిగుసుకోలేదనీ మాత్రలిచ్చి పంపకు. మెడ బిగియాలంటే మెదడు పొరల్లో వాపు పుట్టాలి. ఆ వాపు పుట్టించే శక్తే అతనికి తగ్గిపోయింది.

ముందు సీరంలో క్రిప్టోకాకస్ (మెదడు పొరలకు సోకే ఫంగస్) యాంటిజెన్, అంటే దాని ఆనవాలు, చూడు. పట్టీ పరీక్షకు పది నిమిషాలు చాలు. పాజిటివ్ వస్తే తలనొప్పి లేకపోయినా వెన్ను నీరు తీయాల్సిందే. ఇండియా ఇంక్ స్లైడు (సిరా కలిపి మైక్రోస్కోపులో చూసేది) ఒక్కదాన్నే నమ్ముకోకు, ఫంగస్ తక్కువగా ఉంటే అందులో దొరకదు. కణాలు, ప్రొటీను, గ్లూకోజు మూడూ మామూలుగా ఉన్నా క్రిప్టోకాకస్ ఉండొచ్చు.

ఒక పక్క బలహీనత, ఫిట్స్, మగత, కంటి నరం వాపు ఉంటే సీటీ తీశాకే సూది పట్టు. ‘నీరు తీస్తే నడుం పడిపోతుంది’ అని ఇంటివాళ్లు భయపడతారు. వెన్నుపాము అంతకంటే పైనే ఆగిపోతుందనీ, మనం కింద గుచ్చుతామనీ కూర్చోబెట్టి చెప్పు, ఆ ఐదు నిమిషాలకు వెనకాడకు.

నీరు తీసిన ప్రతిసారీ ఒత్తిడి కొలవాలి. చాలామంది వదిలేసేది ఇదే, క్రిప్టోకాకస్ రోగుల చూపునూ ప్రాణాన్నీ తీసేదీ ఈ ఒత్తిడే. ఫంగస్, దాని జిగురు పొర కలిసి నీరు బయటికి పోయే దారులను మూసేస్తాయి. రోగిని పక్కకు పడుకోబెట్టి, సూది దిగాక కాళ్లు కాస్త చాపించు. మానోమీటరు లేకపోతే స్టెరైల్ సెలైన్ ట్యూబును సూదికి తగిలించి నిలువుగా పట్టుకుని, సూది మట్టం నుంచి స్కేలుతో కొలువు. 25 సెంటీమీటర్లు దాటితే 20 లోపుకు, మరీ ఎక్కువైతే సగానికి దించు. ఒక్కసారికి 20 నుంచి 30 మిల్లీలీటర్లు మించకు. లక్షణాలు తగ్గకపోతే మర్నాడు మళ్లీ తీయాలి.

టీబీ కోసం కనీసం 6 మిల్లీలీటర్లు, వీలైతే 10 పంపు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున దిగినదాన్ని ఎక్స్‌పర్ట్ అల్ట్రా అనే టీబీ జన్యు పరీక్షకు పెట్టమను. చెంచాడు నీరు పంపి నెగెటివ్ వచ్చిందంటే దానికి అర్థం లేదు, నిండుగా పంపినా నెగెటివ్ టీబీని కొట్టిపారేయదు. అదే పూట రక్తంలో గ్లూకోజు కూడా చూడు, అది లేకపోతే నీటిలోని అంకెను దేనితో పోలుస్తావు? క్రిప్టోకాకస్ దొరికిందని టీబీ వెతకడం మానకు. ఒకే మనిషిలో రెండూ ఉంటాయి.

కాంట్రాస్ట్ ఎమ్మారైలో ఉంగరాల్లాంటి మచ్చలుంటే టాక్సోప్లాస్మా (ఒక పరాన్నజీవి), టీబీ గడ్డ, లింఫోమా (ఒక రకం క్యాన్సర్) మూడూ మనసులో ఉంచుకో. టాక్సో రాకుండా కాపాడే కోట్రైమాక్సజోల్ మాత్ర రోజూ వేసుకుంటున్నాడా అని అడుగు. టాక్సో ఐజీజీ (రక్తంలో యాంటీబాడీ) నెగెటివైతే ఆ జబ్బు అవకాశం బాగా తగ్గుతుంది, పాజిటివైతే పాత ఇన్‌ఫెక్షన్ ఉందని మాత్రమే. టాక్సో మందు మొదలుపెట్టి 10 నుంచి 14 రోజుల్లో మళ్లీ స్కాన్ తీయి. మెదడు ఒత్తిడి ప్రమాదకరంగా ఉంటే తప్ప స్టెరాయిడ్ కలపకు. లింఫోమా కూడా స్టెరాయిడ్‌కు కుదించుకుపోతుంది, మందు పనిచేసిందని మోసపోతావు. తగ్గకపోతే బయాప్సీకి పంపడంలో ఆలస్యం వద్దు. వాపు లేకుండా మెదడులోని తెల్ల పదార్థం మాత్రమే దెబ్బతింటే, దాన్ని దెబ్బతీసే జేసీ వైరస్ కోసం వెన్ను నీటిలో పీసీఆర్ (జన్యు పరీక్ష) అడుగు.

ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) ఎప్పుడు మొదలైందో కేస్ షీటు మొదటి పేజీలోనే రాయి. ఇటీవలే మొదలైతే కోలుకుంటున్న రోగనిరోధక శక్తే ఈ తలనొప్పి వెనకున్న వాపు తెస్తుండొచ్చు. ఇంకా మొదలుకాకపోతే తొందరపడకు. క్రిప్టోకాకస్ మెనింజైటిస్ (మెదడు పొరల వాపు)లో ఫంగస్ చికిత్స మొదలయ్యాక 4 నుంచి 6 వారాలు ఆగాలి, టీబీ మెనింజైటిస్‌లో 4 నుంచి 8 వారాలు.