తలుపు ఉబ్బిందా, బిగుసుకుందా?

సందేహం: వానలు మొదలవగానే మా టేకు తలుపు పూర్తిగా మూసుకోదు, గడియ పడదు. దీనిని ‘బిగుసుకుంది’ అనాలా, ‘ఉబ్బింది’ అనాలా? వ్యాసాలలో ‘కర్ర వ్యాకోచం’, ‘కర్ర కదలిక’ అని రాయవచ్చునా?

సమాధానం: మొదటి రెండు మాటలూ సరైనవే కాని, అవి చెప్పే సంగతులు వేరు. గాలిలోని తేమను పీల్చుకొని తలుపు రెక్క వెడల్పు పెరగడం ఉబ్బడం. అలా పెరిగిన రెక్క ద్వారబంధాన్ని ఒరుసుకొని మెసలకపోవడం బిగుసుకోవడం. మడతబందులు తుప్పు పట్టినా, ద్వారబంధం ఒరిగినా కూడా తలుపు బిగుసుకుంటుంది కనుక, ఆ మాట ఒక్కటే రాస్తే కారణం తెలియదు. ఉబ్బిన తలుపని గుర్తించక వానాకాలంలోనే బాగా చిత్రిక పట్టిస్తే, వేసవిలో సందు మిగిలిపోతుంది.

‘వ్యాకోచం’ తప్పు కాదు. అయితే బడి పుస్తకాల వల్ల ఆ మాట వినగానే వేడికి సాగే ఇనుము మనసులో మెదులుతుంది. కర్ర సంగతి అందుకు దాదాపు ఎదురు: రోహిణీకార్తె ఎండల్లో కుంచించుకుంటుంది, శ్రావణంలో ఉబ్బుతుంది. పైగా ఇనుము అన్ని వైపులా ఒకే పాళ్లలో పెరిగితే, కర్ర నార వెంబడి, అంటే పొడవున, మారేది బహు స్వల్పం, మార్పంతా అడ్డంగానే. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి, మాను అడ్డకోతలో కనబడే వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం తగ్గుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు, తేమను స్ఫురింపజేసే ‘ఉబ్బు’ అనే తెలుగు మాటే నాకు మేలుగా తోస్తుంది.

‘కర్ర కదలిక’ను మాత్రం ఒప్పుకోలేను. మనకు కదలడమంటే చోటు మారడం, లేదా వదులై ఊగడం. ‘కుర్చీ కాలు కదులుతోంది’ అంటే అతుకు వదిలిందనే ఎవరైనా అనుకుంటారు. ‘కదలికకు చోటివ్వాలి’ అని రాసేకంటే ‘కర్ర ఉబ్బడానికి సందు వదలాలి’ అని రాస్తే వడ్రంగికీ పాఠకుడికీ ఒకే అర్థం అందుతుంది.

పలకల తలుపులో ఈ సందు పైకి కనబడదు. పలకను బంకతో అతికించకుండా చట్రపు గాడిలో వదులుగా కూర్చోబెడతారు; వానాకాలంలో అది గాడిలోకి పెరుగుతుంది, ఎండలకు వెనక్కి వస్తుంది. అప్పుడు పలక అంచున రంగు పడని సన్నని చార బయటపడుతుంది. దానిని చాలామంది ‘రంగు ఊడింది’ అంటారు. ‘పలక కుంచించుకుంది’ అనడం సరైన ప్రయోగం.